‘అజాగ్రత్త’ అని రాసేముందు పొయ్యి నాబ్‌లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

వంటింట్లో గ్యాస్ అంటుకున్నప్పుడు, ఒక మాత్ర బదులు మరొకటి మింగి ఎవరైనా ఆసుపత్రి పాలైనప్పుడు పత్రికల్లో వచ్చే వార్త చాలాసార్లు ఒకే మాటతో ముగుస్తుంది: అజాగ్రత్తే కారణం. ఆ మాట రాసిన విలేకరిని తప్పు పట్టడం లేదు, అక్కడికి వచ్చిన అధికారులు చెప్పిందే ఆయన రాస్తారు. కానీ ఆ మాట పడగానే విచారణ ఆగిపోతుంది. ఏ నాబ్ తిప్పబోయి ఏది తిప్పారు, ఆ రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయి, ఏది తెరిచి ఉందో నిలబడ్డ చోటి నుంచి కనబడుతుందా లేదా అని ఎవరూ అడగరు. ఒకే రకం వస్తువు దగ్గర వేర్వేరు ఊళ్లలో, ఒకరికొకరు తెలియని మనుషులు ఒకే తప్పు చేస్తున్నారంటే, దాని మూలం ముందుగా ఆ వస్తువులో వెతకాలి.

మేము మనోవిజ్ఞానం, వస్తువుల డిజైన్ బోధించేవాళ్లం. కన్ను, వేలు, ముక్కు పంపిన సమాచారంలో మెదడు దేన్ని పోల్చుకుంటుంది, దేన్ని పోల్చుకోలేదు అన్నది ఊహాగానం కాదు. 1834లో జర్మనీలో ఎర్నెస్ట్ వేబర్ అనే శాస్త్రవేత్త చేతి బరువులతో మొదలుపెట్టిన ఈ కొలతలు నూట తొంభై ఏళ్లుగా సాగుతున్నాయి. కళ్ల డాక్టరు గోడ మీది అక్షరాలు ఆ కొలతలతో తయారైనవే. మన వంటగది, మందుల డబ్బా, స్విచ్‌బోర్డు దగ్గరికి మాత్రం అవి ఇంకా సరిగా రాలేదు.

ఈ విద్యను వస్తువులకు వర్తింపజేయడం పెద్ద ఎత్తున మొదలైంది యుద్ధ విమానాల దగ్గర. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా రన్‌వే మీద దిగిన తరవాత కొన్నిసార్లు చక్రాలు ముడుచుకుని పొట్ట మీద కూలబడేవి. పైలట్లు రెక్కల అంచు పలకలైన ఫ్లాప్‌లు ముడవబోయి చక్రాలు ముడిచేవారు. అల్ఫోన్స్ చపానిస్ అనే యువ మనోవిజ్ఞానవేత్త కాక్‌పిట్‌లో చూస్తే ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, అచ్చం ఒకేలా ఉన్నాయి. చక్రాల స్విచ్‌కు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్ స్విచ్‌కు రెక్క ఆకారపు ముక్క తగిలించమన్నారు ఆయన. చేతికి తగలగానే ఏది ఏమిటో తెలిసిపోయేలా చేయడమే అందులోని కిటుకు. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే మనోవిజ్ఞానవేత్తలు ‘పైలట్ తప్పిదం’ ముద్ర పడిన 460 సంఘటనలను విడమరిచి చూస్తే, దాదాపు సగం ఒక మీట బదులు ఇంకో మీట పట్టుకోవడం వల్ల జరిగినవని తేలింది. వాళ్లు శిక్షణ పొందిన పైలట్లు. పాలు పొంగుతుంటే, కుక్కర్ కూతలు వేస్తుంటే, తలుపు దగ్గర ఎవరో పిలుస్తుంటే పొయ్యి ముందు నిలబడ్డ మనిషి నుంచి అంతకంటే మెరుగైన పనితనం ఆశించడం న్యాయం కాదు.

రెండు బర్నర్ల స్టవ్‌తో ఇబ్బంది లేదు. ఎడమ నాబ్ ఎడమకు, కుడిది కుడికి. మూడు బర్నర్లలో చిన్నది మధ్యలో వెనక ఉండి, దాని నాబ్ కూడా మధ్యలోనే ఉంటే అదీ ఫర్వాలేదు. చిక్కు నాలుగు బర్నర్లతో మొదలవుతుంది. బర్నర్లు ముందు రెండు, వెనక రెండుగా ఉంటాయి. నాబ్‌లు మాత్రం ఒకే వరసలో ఉంటాయి. ఎడమ చివరి నాబ్ ముందుదానిదా, వెనకదానిదా? నాలుగు నాబ్‌లను నాలుగు బర్నర్లకు 24 రకాలుగా కలపవచ్చు. ఎడమ జత ఎడమకే, కుడి జత కుడికే అనుకున్నా ఇంకా నాలుగు రకాలు మిగులుతాయి. ఒక కంపెనీ ఒకటి ఎంచుకుంటుంది, ఇంకొకటి మరొకటి. అక్కచెల్లెళ్ల ఇళ్లలో రెండు రకాల స్టవ్‌లు ఉంటే, ఒక ఇంట్లో పడిన అలవాటే రెండో ఇంట్లో తప్పు చేయిస్తుంది.

ఈ లెక్క ఎప్పుడో తేలింది. పైన చెప్పిన చపానిస్, లిండెన్‌బామ్‌తో కలిసి 1959లో నాలుగు అమరికలను పరీక్షించారు. ఒక్కో అమరిక మీద 15 మంది, ఒక్కొక్కరు 80 సార్లు, మొత్తం 1,200 సార్లు. మూడింటిలో బర్నర్లు మామూలు చతురస్రంగానే ఉన్నాయి, నాబ్‌ల క్రమం మాత్రమే వేరు. వాటిలో వచ్చిన తప్పులు 76, 116, 129. నాలుగో దాంట్లో వెనక బర్నర్లను ముందువాటికి సరిగ్గా వెనక కాకుండా పక్కకు జరిపారు. ఎడమ నుంచి కుడికి చూస్తే నాలుగూ నాలుగు వేర్వేరు చోట్ల కనిపిస్తాయి, కాబట్టి నాబ్‌ల వరసకూ బర్నర్ల వరసకూ ఒకే ఒక్క పొంతన ఉంటుంది. ఆ అమరికలో 1,200 సార్లకు తప్పులు సున్నా. రాత లేదు, బొమ్మ లేదు, శిక్షణ లేదు. బర్నర్లు కాస్త పక్కకు జరిగాయి, అంతే.

దీన్ని మన స్టవ్‌లకు అన్వయించి లెక్క చెబుతాం. 70 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. లోతు ఉన్న నాలుగు బర్నర్ల గ్లాస్‌టాప్ తీసుకోండి. ఎడమ అంచు నుంచి బర్నర్ల కేంద్రాలు 12, 27, 43, 58 సెం.మీ. దగ్గర పెట్టి, వరసగా వెనక, ముందు, వెనక, ముందు అని అమర్చండి. ముందు వరస ముందు అంచు నుంచి 14 సెం.మీ., వెనక వరస 37 సెం.మీ. లోపల. అప్పుడు ఏ రెండు బర్నర్ల కేంద్రాల మధ్యా 27 సెం.మీ. కంటే తక్కువ దూరం ఉండదు, అంటే 26 సెం.మీ. గిన్నెలు పక్కపక్కన పెట్టినా రాసుకోవు. నాబ్‌లను కూడా 12, 27, 43, 58 దగ్గరే పెడితే ప్రతి నాబ్ తన బర్నర్‌కు నేరుగా ఎదురుగా వస్తుంది. కింద గ్యాస్ పైపు వంపులు కొత్తగా వేయాలి, గాజుకు రంధ్రాలు కొత్త చోట్ల కొట్టాలి. అచ్చు మార్చే ఖర్చు ఒక్కసారిది.

అచ్చు మార్చలేనివారికి రెండో దారి ఉంది. ప్రతి నాబ్ నుంచి దాని బర్నర్ వరకు ఒక గీత గీయడం. కన్ను గీతను పట్టుకుని వెళుతుంది. ఆ గీత గాజు అడుగున ముద్రించాలి, పైన ముద్రిస్తే పీచుతో తోమే ఇంట్లో ఎక్కువ కాలం నిలవదు. కనీసం 2 మి.మీ. మందం ఉండాలి, నల్ల గాజు మీద తెల్లగా ఉండాలి. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. దాటితే ఆ ఖండన దగ్గర కన్ను తిన్నగా పోయే గీతనే ఎంచుకుంటుంది, మలుపు తిరిగేదాన్ని వదిలేస్తుంది. ఇప్పుడు చాలా స్టవ్‌ల మీద ఉన్న నాలుగు చుక్కల చిన్న బొమ్మ, అందులో ఒక చుక్క నింపి ఉండటం, ఈ పని చేయలేదు. దాన్ని వంగి చదవాలి, చదివి మనసులో తిప్పి చూసుకోవాలి. పాలు పొంగేటప్పుడు అంత తీరిక ఎవరికీ ఉండదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న స్టవ్‌కు చేయగలిగిన పని కూడా చెబుతాం. వెనక బర్నర్ల నాబ్‌లు రెండూ ఊడదీసి, అంచు మీద ఎనామిల్ రంగుతో వేలికి తగిలేంత ఉబ్బెత్తు చుక్క పెట్టండి. పూర్తిగా ఆరాకే, పొయ్యి వెలగనప్పుడు తిరిగి బిగించండి. ముందు బర్నర్ల నాబ్‌లకు ఏమీ పెట్టకండి. చుక్క ఉంటే వెనక, లేకపోతే ముందు. నాలుగింటికీ నాలుగు రంగులు పెట్టడం కంటే ఇది మేలు, ఎందుకంటే రంగు కోసం చూడాలి, ఏ రంగు దేనిదో గుర్తుపెట్టుకోవాలి. చుక్క వేలికే తెలిసిపోతుంది.

ఏ నాబ్ అన్నది తేలినా, అది తెరిచి ఉందా మూసి ఉందా అన్న ప్రశ్న మిగులుతుంది. నాబ్‌లు స్టవ్ ముందు ముఖాన ఉంటాయి, మన కళ్లు గట్టుకు అరమీటరుకు పైగా ఎత్తున ఉంటాయి. నాబ్ ముఖం మీద గీసిన సన్నని గీత పైనుంచి చూసేవారికి కుంచించుకుపోయి కనబడదు. గుండ్రని నాబ్ ఎటు తిరిగినా పైనుంచి ఒకేలా ఉంటుంది. అదే నాబ్ మీద పట్టుకునే భాగం బద్దలా ముందుకు పొడుచుకు వచ్చి, మూసినప్పుడు నిలువుగా, తెరిచినప్పుడు అడ్డంగా ఉంటే, పైనుంచి చూసినా మూసినది సన్నగా, తెరిచినది వెడల్పుగా కనబడుతుంది. గది అవతలి నుంచి కూడా తేడా తెలుస్తుంది. స్టవ్ కొనేటప్పుడు దుకాణంలో నిటారుగా నిలబడి ఈ ఒక్కటి చూడండి. వంగి చూస్తే ప్రతి స్టవ్ బాగానే కనిపిస్తుంది.

నాబ్ నొక్కి ఎడమకు తిప్పగానే వచ్చేది పెద్ద మంట, ఇంకా తిప్పితే సిమ్. ఎక్కువ తిప్పితే ఎక్కువ వస్తుందన్నది కుళాయి, రేడియో నేర్పిన అలవాటు. దానికి ఇది ఎదురు. వెలిగించేటప్పుడు గ్యాస్ ధారాళంగా రావాలి, సిమ్ దగ్గర నాబ్ గట్టిగా ఆగాలి అన్న కారణాలతో ఇలా పెట్టారు, అవి మంచి కారణాలే. అయితే దీనివల్ల సిమ్ నుంచి ఆర్పాలంటే పెద్ద మంట మీదుగా వెనక్కి రావాలి. తొందరలో మధ్యలో వదిలేస్తే గ్యాస్ సన్నగా వస్తూ, గాలి తాకిడికి మంట ఆరిపోయి, నాబ్ మాత్రం మూతపడకుండా ఉండిపోవచ్చు. మంట కనబడకపోవడం మూసినట్టు రుజువు కాదు. మూసినప్పుడు నాబ్ స్ప్రింగ్ వల్ల టక్కున బయటికి రావాలి. ఆ ‘టక్కు’ వేలికి అందే కబురు. అది అందడం లేదంటే నాబ్ లోపల జిడ్డు పేరుకుందని, లేదా స్ప్రింగ్ అలిసిందని అర్థం. నాబ్ లోపలి డి ఆకారపు రంధ్రం అరిగిపోతే ఇంకా ప్రమాదం, అప్పుడు నాబ్ తిరుగుతుంది కానీ లోపలి కడ్డీ తిరగదు, గుర్తు ‘ఆఫ్’ చూపిస్తూ గ్యాస్ వస్తూనే ఉంటుంది. అలాంటి నాబ్‌కు కాగితం ముక్క కుక్కి వాడకండి. కొత్తది వేయండి.

వాసన వస్తే తెలుస్తుంది కదా అంటారు. ఇదీ ఇంద్రియాల గ్రహణశక్తికి సంబంధించిన విషయమే కాబట్టి చెప్పక తప్పదు. ఎల్పీజీకి సొంతంగా చెప్పుకోదగ్గ వాసన ఉండదు, ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన రసాయనం కలుపుతారు. గాలిలో సుమారు 2 శాతం గ్యాస్ ఉంటే అంటుకునే స్థితి వస్తుంది, అందులో ఐదో వంతు ఉన్నప్పుడే మామూలు ముక్కుకు తెలియాలన్నది నియమం. కానీ ముక్కు ఒక వాసనకు కొన్ని నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది. నెమ్మదిగా కారుతున్న గ్యాస్ మధ్యలో ఉన్న మనిషికి అది తెలియకపోవచ్చు, బయటి నుంచి వచ్చినవారికి గుమ్మంలోనే తెలుస్తుంది. వయసు మళ్లినవారిలో, జలుబు చేసినవారిలో వాసన పట్టే శక్తి తగ్గుతుంది. గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది, నిలబడ్డవారి ముక్కు అక్కడ ఉండదు. అనుమానం వస్తే బయటికి వెళ్లి రెండు నిమిషాలు మంచి గాలి పీల్చి, గుమ్మం దగ్గరికి వచ్చి వాసన చూడండి. ఇంట్లో ఉన్నవారు లేదన్నా బయటి నుంచి వచ్చినవారు ఉందంటే, వచ్చినవారి మాటే నమ్మండి. స్విచ్ ఏదీ వేయకండి, ఉన్నది తీయకండి. తలుపులు తెరిచి, బండ దగ్గర రెగ్యులేటర్ ఆపండి. గ్యాస్ అలారం కొంటే నేలకు జానెడు ఎత్తులో పెట్టించండి. పైకప్పు దగ్గర పెడితే ఎల్పీజీకి ఉపయోగం లేదు.

స్విచ్‌బోర్డు విషయం చిన్నదే. 1871లో స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్లేయుడు పెట్టెలోకి చిక్కుడు గింజలు విసిరి, ఒక్క చూపులో ఎన్ని పడ్డాయో చెప్పే పరీక్ష తన మీద తానే చేసుకున్నారు. మూడు, నాలుగు గింజల దాకా ఒక్కసారి కూడా తప్పలేదు. ఐదు నుంచి తప్పులు మొదలయ్యాయి. నాలుగు దాటితే మనం చూసి చెప్పలేం, లెక్కపెట్టాలి లేదా అంచనా వేయాలి. ఎనిమిది స్విచ్‌లు ఒకే వరసలో బిగించిన బోర్డు మీద ఫ్యాన్ కోసం మూడు స్విచ్‌లు నొక్కి చూడాల్సి రావడానికి కారణం ఇదే. మతిమరుపు కాదు. ఎనిమిదిని మూడు, మూడు, రెండుగా విడగొట్టండి. మాడ్యులర్ ప్లేటులో మధ్యన ఒక్కో బ్లాంక్ పెట్టమంటే ఎలక్ట్రీషియన్ పెడతారు, దగ్గరున్నవి ఒక గుంపు, దూరమున్నవి వేరు అని కన్ను దానంతట అదే తీసుకుంటుంది. ఎనిమిది మాడ్యూళ్ల ప్లేటు కాకుండా పన్నెండుది తీసుకోవాలి. మిగిలిన చోట రెగ్యులేటర్‌ను దాని ఫ్యాన్ స్విచ్‌కు ఆనించి పెట్టించండి, బోర్డు ఆ చివరన కాదు. గదిలో లైట్లు ఎడమ నుంచి కుడికి ఎలా ఉన్నాయో స్విచ్‌లూ అదే వరసలో ఉండాలి. ఇది వైరింగ్ వేసే రోజు చెబితే ఖర్చు ఏమీ లేదు, తరవాత చెబితే బోర్డు విప్పాలి. గీజర్ స్విచ్ ఇండికేటర్ సంగతి కూడా అడిగి తెలుసుకోండి. కొన్ని స్విచ్‌లలో దీపం వేసి ఉన్నప్పుడు వెలుగుతుంది, మరికొన్నింటిలో చీకట్లో స్విచ్ ఎక్కడుందో చూపడానికి ఆపి ఉన్నప్పుడు వెలుగుతుంది. రెండు రకాలూ ఒకే ఇంట్లో ఉంటే ఆ దీపాన్ని నమ్మడం కుదరదు.

ఇక మందులు. ఇక్కడ నష్టం ప్రాణాల దాకా పోతుంది.

మాత్రల స్ట్రిప్ దగ్గర మూడు చిక్కులు కలిసి వస్తాయి. అల్యూమినియం రేకు మెరుస్తుంది, బల్బు వెలుగు దాని మీద పడి నేరుగా కంటికి కొడితే అక్షరానికీ దాని వెనకున్న రేకుకూ మధ్య తేడా మాయమవుతుంది. స్ట్రిప్‌ను వాలుగా తిప్పితే గానీ కనబడదు, చేయి వణికేవారికి అది కష్టం. రెండోది సైజు. మామూలు (6/6) చూపు ఉన్న కన్ను గుర్తించగల అతిచిన్న అక్షరం కంటి దగ్గర 5 నిమిషాల కోణం (ఒక నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చేస్తుంది. 40 సెం.మీ. దూరంలో అది 0.58 మి.మీ. ఇది కన్ను పోల్చగల హద్దు మాత్రమే. సుఖంగా చదవాలంటే దానికి రెండు మూడు రెట్లు, అంటే 1.2 నుంచి 1.7 మి.మీ. కావాలి. 60 ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుగు 20 ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. పైగా కంటి కటకం పసుపు రంగుకు తిరుగుతుంది కాబట్టి ముదురు నీలం నలుపులా, లేత పసుపు తెలుపులా కనిపిస్తాయి. మాత్రలు ఎక్కువగా వాడేది ఆ వయసువారే.

తెలుగు లిపికి ఇంకో చిక్కుంది. రోమన్ అక్షరాలకు పెట్టిన ఎత్తు కొలత తెలుగుకు అలాగే వర్తించదు. మన అక్షరానికి పైన తలకట్టో గుడో, కింద ఒత్తో ఉంటాయి. మొత్తం ఎత్తు 1.5 మి.మీ. అని ముద్రిస్తే ఒత్తు ఉన్న చోట అసలు అక్షరానికి దక్కేది దాదాపు సగం. ప, వ, ష, ఫల తేడా ఒక చిన్న గీతలో ఉంది. థ, ధల తేడా చుక్కలో ఉంది. మ, యలు సిరా కాస్త పాకితే ఒకేలా అయిపోతాయి. తెలుగులో రాస్తే చాలదు, అసలు అక్షరం ఎత్తే 1.5 మి.మీ. ఉండాలని, ఒత్తులను కలపకుండా కొలవాలని మా అభిప్రాయం. తెలుగు అక్షరం మందం కూడా తగ్గించి సన్నని గీతలతో ముద్రించాలి. బొద్దు అక్షరం పెద్ద సైజులో అందం, చిన్న సైజులో లోపలి ఖాళీలు పూడిపోయి నల్ల చుక్కగా మారుతుంది.

మూడోది పోలిక. ఒకే కంపెనీ తన మందులన్నిటికీ ఒకే రంగు, ఒకే పట్టీ, ఒకే అక్షరం వాడుతుంది. ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా చూడటం కంటి స్వభావం, మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనోవిజ్ఞానవేత్త 1923లోనే ఆ సూత్రాలు రాశారు. కంపెనీకి కావలసింది కూడా అదే, దూరం నుంచి తమ సరుకు గుర్తుపట్టాలి. కానీ మందుల డబ్బాలో కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని: పక్కపక్కన ఉన్న రెండూ వేరు అని తెలియాలి. 25 మి.గ్రా., 50 మి.గ్రా. స్ట్రిప్‌లు ఒకేలా ఉండి అంకె మాత్రం మూలన ఉంటే తప్పు జరగక మానదు. పేరు పక్కనే, పేరంత పెద్దగా మోతాదు అంకె ఉండాలి. 5.0 అని రాయకూడదు, చుక్క కనబడకపోతే అది 50. .5 అనీ రాయకూడదు, 0.5 అని రాయాలి. హైడ్రాలజైన్, హైడ్రాక్సిజైన్ లాంటి పేర్లు మొదలూ చివరా ఒకటే. మనం మాటను అక్షరం అక్షరం చదవం, తొందరలో చాలాసార్లు మొదలు చివర చూసి మధ్యది ఊహిస్తాం. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ 2001 నుంచి ఇలాంటి జతల్లో తేడా ఉన్న మధ్య అక్షరాలను పెద్ద అక్షరాలతో ముద్రించమని కంపెనీలను కోరుతోంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం లేవు కాబట్టి ఆ పని రంగు పట్టీతోనో, పెద్ద సైజు అక్షరంతోనో చేయాలి.

2023 ఆగస్టు నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. మంచిదే, నకిలీని పట్టడానికి పనికొస్తుంది. రాత్రి పదకొండింటికి మసక వెలుగులో మాత్ర తీసుకునే ముసలావిడకు అది అక్కరకు రాదు. ఈలోగా చేయగలిగింది ఒకటుంది. స్ట్రిప్ కత్తిరించి కొనేటప్పుడు గడువు తేదీ, పేరు ఉన్న చివర మనకు వచ్చేలా అడగండి, మాత్రలు వాడేటప్పుడు అటువైపు నుంచి కాకుండా రెండో చివర నుంచి చింపండి. రోజూ వేసుకునే మందుల్లో ఒకేలా కనిపించేవి రెండుంటే ఒకదానికి రబ్బరు బ్యాండు చుట్టండి. చూపు కంటే ముందు వేలు పట్టేస్తుంది.

మన దేశంలో ఈ శాస్త్రం పట్టించుకున్న చోట ఫలితం ఎలా ఉందో కూడా చెప్పాలి. ఆహార ప్యాకెట్ల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ చుక్క ఉండేవి. రెండూ గుండ్రమే, చుట్టూ చదరమే. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియనివారికి ఆ రెండూ ఒకటే. 2020 లేబులింగ్ నిబంధనల్లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ మాంసాహార గుర్తును త్రిభుజంగా మార్చింది. రంగు పోయినా ఆకారం మిగులుతుంది. ఇదే సరైన పద్ధతి. ఏ లేబులైనా ఇలా నిలుస్తుందో లేదో చూడటం తేలిక, ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. తేడా మాయమైతే అది రంగు మీదే ఆధారపడింది.

కరెన్సీ నోట్ల విషయంలో అడుగు వెనక్కి పడిందని మా అభిప్రాయం. పాత నోట్లలో వంద 157, ఐదు వందలు 167, వెయ్యి 177 మి.మీ. పొడవు. ఒక్కో మెట్టుకు 10 మి.మీ. తేడా. కొత్త వరసలో వంద 142, రెండు వందలు 146, ఐదు వందలు 150. వెడల్పు మూడింటికీ 66. వేబర్ చెప్పింది ఏమిటంటే తేడా తెలియడం ఆ తేడా ఎంత అన్నదాని మీద కాదు, మొత్తంలో అది ఎంత వంతు అన్నదాని మీద ఆధారపడుతుంది. పాత వందకూ ఐదు వందలకూ తేడా 6 శాతం పైన, ఇప్పటి వందకూ రెండు వందలకూ తేడా 3 శాతం లోపు. చూపు లేనివారు నోటును వేళ్ల మధ్య పెట్టి, పక్కన ఇంకో నోటు లేకుండా, జ్ఞాపకాన్ని బట్టి కొలుస్తారు. మూల మడత పడిన నోటులో 4 మి.మీ. ఎక్కడ దొరుకుతాయి? ఉబ్బెత్తు గుర్తులున్నాయి, వందకు త్రిభుజం, ఐదు వందలకు వృత్తం, అంచున గీతలు. కొత్త నోటులో అవి చక్కగా తగులుతాయి, చేతులు మారిన నోటులో అణిగిపోతాయి. అంచు గీతలు వందకు నాలుగు, రెండు వందలకు కూడా నాలుగే, మధ్యన రెండు వృత్తాలు అదనం. పొడవులో తేడా తక్కువ పెట్టినప్పుడు గీతల్లోనైనా ఎక్కువ పెట్టాల్సింది. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు నోటు గుర్తుపట్టి చెప్పే ‘మణి’ యాప్ తెచ్చింది. ఆర్టీసీ బస్సులో కండక్టరుకు డబ్బిచ్చేటప్పుడు ఫోన్ తీసి కెమెరా పెట్టి చూసే వీలు ఎంతమందికి ఉంటుంది?

తయారీదారులు ఒక మాట అంటారు, ఇలాంటి పరీక్షలకు పెద్ద ల్యాబులు కావాలని. అక్కర్లేదు. స్టవ్ తయారుచేసే చిన్న యూనిట్ కూడా రెండు రోజుల్లో చేయగలదు. అట్టతో, థర్మోకోల్‌తో పూర్తి సైజు నమూనా చేయండి, నాబ్‌లు తిరగాల్సిన పని లేదు. ఇరవై మందిని పిలవండి, వాళ్లలో కనీసం ఆరుగురు 60 దాటినవారు, ఇద్దరు ముగ్గురు ఎడమచేతివాటం వారు ఉండాలి, ఫ్యాక్టరీలో పనిచేసేవారు ఒక్కరూ ఉండకూడదు. ఒక బర్నర్ మీద గిన్నె పెట్టి ‘దీన్ని ఆర్పండి’ అనండి. మొదట చేయి పడిన నాబ్ ఏది, ఎన్ని సెకన్లు పట్టింది రాసుకోండి. సరిచేసుకున్నా మొదటి చేయి పడిందే లెక్క. బర్నర్లను చీట్లు తీసి ఎంచండి, వరస పెడితే జనం వరస పట్టేస్తారు. ఒక్కొక్కరితో 15 సార్లు, మొత్తం 300. ఒక్క తప్పూ రాకపోతే, అసలు తప్పుల శాతం 1 కంటే ఎక్కువ ఉండదని 95 శాతం భరోసాతో చెప్పవచ్చు, 3ని మొత్తం సార్లతో భాగించడమే ఆ లెక్క. ఒకే మనిషి పదిహేను సార్లు చేస్తే నేర్చుకుంటారు కాబట్టి ఇది కాస్త ఉదారమైన అంచనా. అందుకే ప్రతి మనిషి మొదటి ప్రయత్నాన్ని విడిగా కూడా చూడాలి. ఇరవై మొదటి ప్రయత్నాల్లో మూడు తప్పులొస్తే ఆ అమరిక పనికిరాదు. చేసేవారికి నాబ్‌ల గురించి ముందుగా ఏమీ చెప్పకూడదు. తప్పు చేసినప్పుడు నవ్వకూడదు, నవ్వితే తరవాతి ప్రయత్నాలు నెమ్మదిస్తాయి, లెక్క చెడుతుంది.

మందుల లేబులుకూ ఇలాగే. పెద్దవయసు వారు పది మంది, వాళ్లు రోజూ పెట్టుకునే కళ్లజోడు, గదిలో ఒక్క 9 వాట్ల బల్బు. పోలిక ఉన్న నాలుగు స్ట్రిప్‌లు కలిపి ఇచ్చి ఒకటి తీయమనండి. అంతే.

గృహ వినియోగ గ్యాస్ స్టవ్‌లకు ఐఎస్ 4246 ప్రమాణం ఉంది. మంట ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలని అందులో కొలిచి చూస్తారు. మనిషి చేయి తప్పు నాబ్ మీద పడే శాతాన్ని కూడా అదే పట్టుదలతో కొలవాలని, నాలుగు బర్నర్ల స్టవ్‌కు ఆ పరీక్ష తప్పనిసరి చేయాలని భారతీయ ప్రమాణాల సంస్థను కోరుతున్నాం. ప్రమాణాల ముసాయిదాలు ప్రజాభిప్రాయానికి పెట్టినప్పుడు ఎవరైనా రాయవచ్చు, పాఠకులు రాయాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. వంటింటి ప్రమాదం, మందుల పొరపాటు వార్త రాసేటప్పుడు విలేకరులు నాలుగు విషయాలు అడిగి రాస్తే చాలు: ఎన్ని బర్నర్ల స్టవ్, ఏ నాబ్‌కు బదులు ఏది, ఆఫ్ గుర్తు నిలబడి చూస్తే కనిపిస్తుందా, మందైతే పక్కనున్న మరో స్ట్రిప్ ఎలా ఉంది. స్టవ్ నాబ్‌ల ఫొటో ఒకటి వేయగలిగితే ఇంకా మంచిది. ఏడాది పాటు అలాంటి వార్తలు వస్తే ఏ అమరిక దగ్గర ఎన్ని ప్రమాదాలన్న లెక్క మొదటిసారి మన చేతిలో ఉంటుంది. దాన్ని విశ్లేషించి మీకు పంపే పని మేము చేస్తాం.

ఇట్లు,
మనోవిజ్ఞాన, డిజైన్ అధ్యాపకులు కొందరు,
హైదరాబాద్